ఫ్రీజర్‌లోంచి పడిన కోడి

'మాంచెస్టర్ బై ద సీ' సినిమా చూసినవాళ్ళు ఎవరైనా ముందు ఇల్లు కాలిపోయే సీన్ గురించి మాట్లాడతారు. లేదంటే వీధిలో మాజీ భార్య ఎదురుపడే సీన్ గురించి. నన్నడిగితే కోడి సీన్ అంటాను. పదహారేళ్ళ పిల్లోడు రాత్రిపూట ఫ్రీజర్ తలుపు తీస్తాడు. లోపల కుక్కి పెట్టిన పొట్లాలు జారి కింద పడతాయి. ఏరి మళ్ళీ లోపలికి తోస్తే ఆగవు. వాటిలో గడ్డకట్టిన కోడి ఉంటుంది. అంతే, పిల్లోడికి ఊపిరాడదు, ఏడుపు తన్నుకొస్తుంది, గదిలోకి పోయి తలుపేసుకుంటాడు. తండ్రి పోయాడని చెప్పినప్పుడు వాడు ఇట్లా ఏడవలేదు. శవాన్ని చూసినప్పుడూ ఏడవలేదు. ఆ రాత్రి స్నేహితుల్ని ఇంటికి పిలిచి పిజ్జా తెప్పించుకున్నాడు. అట్లాంటివాడు కోడిని చూసి కూలబడిపోయాడు. ఎందుకంటే అప్పటికి వాళ్ళ నాన్న కూడా ఒక ఫ్రీజర్‌లోనే ఉన్నాడు.

ఆ సీన్ నాకు ఎందుకు తగిలిందో చెప్పాలంటే నా పని గురించి చెప్పాలి. నాకు చిత్తూరులో టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, ప్లాస్టిక్ కుర్చీలు, జమఖానాలు, వంట గుండిగలు, ఒక జనరేటర్, శవాన్ని పెట్టి ఉంచే ఫ్రీజర్ బాక్సులు రెండు. పెళ్ళి సామానుకు ఆషాఢంలో, పుష్యమాసంలో బేరం ఉండదు. బాక్సులకు అట్లాంటి శూన్యమాసాలు లేవు. ఫోన్ రాత్రి ఒంటిగంటకు మోగినా తీయాల్సిందే. అవతలి మనిషి మాట్లాడే ముందు ఒక క్షణం ఆగితే చాలు, సంగతి నాకు తెలిసిపోతుంది.

మా అమ్మాయి తిరుపతిలో చదువుకుంటోంది. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు లాప్‌టాప్‌లో ఈ సినిమా పెట్టింది. "నాన్నా, నువ్వు చూడాల్సిన సినిమా ఇది" అంది. కథేమిటని మా ఆవిడ అడిగితే చెప్పింది. "పగలంతా చావిళ్ళకు పోయి వస్తాడు, రాత్రి కూడా చావు సినిమానేనా" అని ఆవిడ అరిసెల డబ్బా తీసుకుని పక్క గదిలోకి పోయింది. నా ఇంగ్లీషు బిల్లు రాసుకోవడానికి సరిపోతుంది, అంతకుమించి లేదు. కింద అక్షరాలు చదువుతూ, అర్థం కాని చోట ఆపించి అడుగుతూ చూశాను. రెండుంబావు గంటల సినిమా మాకు అర్ధరాత్రి దాటేదాకా సాగింది.

పేరులో మాంచెస్టర్ ఉన్నా కథ ఇంగ్లండులో జరగదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో, సముద్రం ఒడ్డున ఉండే చిన్న ఊరు అది. 2016లో వచ్చిన సినిమా. రాసింది, తీసింది కెనెత్ లోనర్గన్. హీరో వేషం కేసీ ఆఫ్లెక్. 2017 ఆస్కార్లలో ఇద్దరికీ బహుమతులు వచ్చాయి, ఇతనికి ఉత్తమ నటుడిగా, ఆయనకు స్క్రీన్‌ప్లేకి. ఇక్కడి నుంచి కథంతా చెప్పేస్తాను కాబట్టి, చూడకముందే తెలిసిపోవడం ఇష్టం లేనివాళ్ళు ముందు సినిమా చూసి రండి.

లీ అనే మనిషి క్విన్సీ అనే ఊళ్ళో అపార్ట్‌మెంట్లలో మరమ్మతు పనులు చేస్తుంటాడు. కొళాయి కారితే, టాయిలెట్ మూసుకుపోతే, వాకిట్లో మంచు పేరుకుంటే ఇతన్నే పిలుస్తారు. ఉండేది నేల కింద ఒక్క గదిలో. ఎవరితోనూ మాటల్లేవు. బారులో కూర్చుని, ఎవరైనా తనవైపు చూశారని కొట్టేదాకా పోతాడు. ఒకరోజు అన్నకు సీరియస్‌గా ఉందని ఫోన్ వస్తుంది. అన్న గుండె బలహీనమని కొన్నేళ్ళ ముందే డాక్టర్లు చెప్పారు. లీ కారు తోలుకుని ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది.

అక్కడి నుంచి సినిమాలో సగం పనులే. అన్న కొడుక్కి, అంటే ఆ కోడి సీన్ పిల్లోడికి చెప్పాలి, వాడేమో ఐస్ హాకీ ఆడుతుంటాడు. అంత్యక్రియలు చేసే కంపెనీవాళ్ళతో మాట్లాడాలి. లాయరు దగ్గరకు పోవాలి. అన్నకు చేపలు పట్టే పడవ ఒకటి ఉంది, దాని మోటారు పోయేలా ఉంది, దాని సంగతి చూడాలి. మధ్యలో కారు ఎక్కడ ఆపారో మరిచిపోయి, చలికి వణుకుతూ, బాబాయ్ అబ్బాయ్ ఇద్దరూ ఒకర్నొకరు తిట్టుకుంటూ వీధులన్నీ తిరుగుతారు. మా అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను. చావింట్లో ఇట్లాంటివి రోజూ చూస్తాను. మనిషి పోయాడన్న బాధ పక్కన పెట్టి, ఆధార్ కార్డు జిరాక్సు ఏ బీరువాలో ఉందని అన్నదమ్ములు అరుచుకుంటూ ఉంటారు. కుర్చీలు వంద చెప్పామా నూటయాభై చెప్పామా అని నా ఎదురుగానే బావా బామ్మర్దీ కొట్టుకున్నంత పని చేసిన ఇల్లు గ్రీమ్స్‌పేటలో ఉంది. చూసేవాళ్ళు 'ఇప్పుడా ఈ గొడవ' అని చెవులు కొరుక్కుంటారు. నేను మాత్రం ఎవర్నీ తప్పుపట్టను. ఏడవడానికి చేతకాని మగవాళ్ళకు గొడవే దొరుకుతుంది.

ఇంకో చిన్న సంగతి. ఇల్లు కాలిపోయిన రాత్రి లీ భార్యను స్ట్రెచర్ మీద అంబులెన్సులోకి ఎక్కిస్తుంటారు. స్ట్రెచర్ కాళ్ళు మడతపడవు. ఆ మనుషులు ఎత్తుతారు, దించుతారు, మళ్ళీ ఎత్తుతారు. వెనక ఇల్లు బూడిదైపోయి ఉంది, లోపల ముగ్గురు బిడ్డలు పోయారు, ఇక్కడ ఒక ఇనుప కాలు ముడుచుకోవడం లేదు. ఇది ఆలోచించి రాసుకున్న సీనో, షూటింగులో అట్లా కుదిరిందో గానీ, చావు దగ్గర సామాను మోసినవాడికి మాత్రం అది అచ్చం నిజం. ఆరున్నర అడుగుల బాక్సు సంతపేట సందుల్లోని ఇళ్ళ వాకిళ్ళలో తిరగదు. పక్కకు వంచాలి, గడప మీద ఆనించాలి, తలుపు రెక్క ఊడదీయాలి. లోపల ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటుంటే మేం "అన్నా, కొంచెం ఎడమకు... కొంచెం కిందకు" అంటూ ఉంటాం.

ఇక ఆ ఫ్రీజర్ సంగతి. ఆ ఊళ్ళో చలికాలం నేల రాయిలాగా గడ్డకడుతుంది. గుంత తవ్వడానికి కుదరదు. చలి పోయి నేల మెత్తబడేదాకా శవాన్ని ఫ్రీజర్‌లో పెట్టి ఉంచాలని చెబుతారు. మనకు ఇది ఊహకందని మాట. మన దగ్గర పొద్దున పోతే సాయంత్రానికి నీవా ఒడ్డుకు చేర్చేయాలి. రాత్రి పోతే తెల్లారి ఎండ ఎక్కేలోపల. బాక్సు కావాల్సివచ్చేదంతా పిల్లలు దూరంగా ఉన్నప్పుడే. కువైట్ నుంచి కొడుకు రావాలి, అమెరికా నుంచి కూతురు రావాలి, బెంగుళూరు నుంచి మనవడు బయల్దేరాడంట. బాక్సులు రాకముందు మా నాయన ఐసు ఫ్యాక్టరీ నుంచి గడ్డలు తెప్పించి, రంపపు పొట్టు వేసి, బెంచీ కింద పేర్చేవాడు. నీళ్ళు కారి వసారా అంతా బురదయ్యేది. మొదటి బాక్సు అప్పు చేసి కొన్నది ఆయనే.

మా నాయన 2018 డిసెంబరులో పోయాడు. తమ్ముడు కువైట్‌లో ఉన్నాడు. సెలవు దొరికి, టికెట్ దొరికి, మద్రాసులో దిగి, అక్కడి నుంచి కారులో చిత్తూరు చేరడానికి రెండు రాత్రులు పడుతుందని తేలింది. మా బాక్సులు రెండూ బాడుగకు పోయి ఉన్నాయి, ఒకటి పలమనేరులో, ఇంకోటి బంగారుపాళెంలో. పెళ్ళి సీజన్లో మాతో రేటు పోటీ పడే ఇంకో టెంట్ హౌస్ ఆయన సంగతి తెలిసి, మేం అడక్కముందే తన బాక్సు పంపించాడు. తెచ్చిన పిల్లోడు "బాడుగ మాట ఎత్తొద్దన్నాడన్నా మా ఓనరు" అన్నాడు.

బాక్సు దించి, ప్లగ్గు పెట్టి, వాసనకు లోపలంతా గుడ్డతో తుడిచి, నాయనను ఎత్తబోతున్నాం. అప్పుడు మా అమ్మ లేచి వచ్చింది. అంతసేపూ గోడకు ఆనుకుని పలకకుండా కూర్చున్న మనిషి.

"ఆయనకు చలి పడదు."

ఎవరికీ ఏం చెప్పాలో తెలియలేదు. "కార్తీకం వచ్చిందంటే మఫ్లర్ తీయడు. ఫ్యాను వేస్తే తిడతాడు. ఆ పెట్టెలో పెట్టి కరెంటిస్తారా?" అంది. చిన్నాయన దగ్గరకు పోయి, "వదినా, చిన్నోడు వచ్చేది ఎల్లుండి కదా, అప్పటిదాకా ఎట్ల ఉంచేది?" అన్నాడు. ఆమె వినలేదు. నా వైపు తిరిగింది. ఊళ్ళో అందరికీ ఈ పెట్టె మోసుకుపోయి పెట్టేది నేనే కదా, నాకే చెప్పాలనుకుంది.

"అయితే దుప్పటి కప్పండి" అంది చివరికి. ఇంట్లో నాయన కప్పుకునే మందపాటి రగ్గు తెచ్చింది. బాక్సు తెచ్చిన పిల్లోడు నా చెవిలో, "అంత మందం కప్పితే చల్లదనం ఒంటికి తగలదన్నా, నీకు తెలియంది కాదు" అన్నాడు. తెలుసు. ఆ మాట ఎన్ని ఇళ్ళలో ఎంతమందికి చెప్పి ఉంటానో లెక్కలేదు. మా అమ్మకు చెప్పడానికి నోరు రాలేదు. ఆఖరుకు మధ్యస్తంగా ఒకటి కుదిరింది. మఫ్లర్ ఆయన ఎప్పుడూ కట్టుకునేట్టే చెవుల మీదుగా చుట్టి, సన్న శాలువ ఒకటి పాదాలదాకా కప్పాం. రగ్గును మడిచి బాక్సు పైన, కాళ్ళ వైపు పెట్టాం. లోపల వెయ్యలేదని అమ్మకు తెలుసు. అయినా ఏమనలేదు.

రాత్రంతా మోటారు హుం అని మోగుతూనే ఉంది. పైన అద్దం మీద ఆవిరి పట్టి మొహం కనపడకుండా పోతుంది. తువ్వాలుతో తుడుస్తూ ఉండాలి. మామూలుగా ఆ ఇంటి పిల్లలకు ఒక తువ్వాలు ఇచ్చి ఆ పని చూసుకోమని చెప్పి వచ్చేస్తాను. ఆ రాత్రి నేను తుడిచాను. మూడు గంటలప్పుడు అమ్మ, "కాసేపు ఆపురా" అంది. ఆపాను. ఇల్లంతా ఒక్కసారిగా సద్దు లేకుండా అయింది. పడుకున్నవాళ్ళు కూడా లేచి చూశారు. కొంతసేపటికి అమ్మే "వెయ్యి" అంది. రెండో రాత్రి కూడా అట్లే చేసింది. తమ్ముడు వచ్చినాక శాలువ సర్ది, మఫ్లర్ ముడి సరిచేసి, అప్పుడు ఏడ్చింది.

సినిమాలో ఆ పిల్లోడు నాయన ఫ్రీజర్‌లో ఉండటం తనకు బాగాలేదని చెబుతాడు. వాళ్ళ బాబాయికి ఏం చెయ్యాలో తెలియదు. కోడిని చూసినప్పుడల్లా ఇట్లయ్యేట్టుంటే ఆసుపత్రికి పోదామా అన్నట్టు మాట్లాడతాడు. బయటికి పొమ్మంటే పోడు. తలుపు తన్ని లోపలికి వచ్చి, అక్కడే కూర్చుంటాడు. దగ్గరకు తీసుకోడు, సర్దిచెప్పే మాట ఒకటీ చెప్పడు. నేను లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను. మా అమ్మాయి సినిమా ఆపి పెట్టి ఉంది. తాత పోయినప్పుడు తను చిన్నపిల్ల. ఆ రాత్రి మోటారు ఆగడం, మళ్ళీ మోగడం తనకు గుర్తుందని అప్పుడే చెప్పింది.

లీ కథలో అసలు దెబ్బ మనకు ఆలస్యంగా తెలుస్తుంది. ఒకప్పుడు అతను అదే మాంచెస్టర్‌లో భార్యతో, ముగ్గురు చిన్నబిడ్డలతో ఉండేవాడు. ఒక రాత్రి స్నేహితులతో తాగి, వాళ్ళు పోయాక, చలికి పొయ్యిలో కట్టెలు వేసి, ఇంకా బీరు కావాలని అంగడికి నడిచిపోతాడు. పొయ్యి ముందు జాలీ పెట్టానా లేదా అని దారిలో అనుమానం వస్తుంది. పెట్టే ఉంటాలే అనుకుని పోతాడు. తిరిగొచ్చేసరికి ఇల్లు మండుతూ ఉంటుంది. భార్యను మాత్రం బయటికి తీయగలిగారు.

తర్వాత పోలీస్ స్టేషన్. జరిగిందంతా తనే చెబుతాడు. తాగింది, కట్టెలు వేసింది, జాలీ సంగతి, ఏదీ దాచడు. పోలీసులు విని, నువ్వు చేసింది ఘోరమైన పొరపాటేగానీ నేరం కాదు, ఇంటికి పోవచ్చు అంటారు. అతనికి అది అర్థం కాదు. పోవచ్చా అన్నట్టు చూస్తాడు. బయటికి వస్తూ లీ ఒక పోలీసు దగ్గరున్న తుపాకీ లాగి తనకే గురిపెట్టుకుంటాడు, అందరూ కలిసి ఆపుతారు. ఎవరో ఒకరు శిక్ష వేస్తారనే నమ్మకంతోనే అతను ఆ స్టేషన్‌కు వచ్చాడని నాకనిపించింది. వాళ్ళు వెయ్యకపోయేసరికి ఆ పని తనే పెట్టుకున్నాడు. క్విన్సీలో ఆ నేలకింది గది ఏంటో ఇక్కడ తెలుస్తుంది. జైలు గది అది, తనే వెతుక్కున్నాడు.

మన దగ్గర ఇట్లా వదిలిపెడతారా అని ఆలోచించాను. వదలరు. మంచికో చెడ్డకో వదలరు. చావింటికి వచ్చే ప్రతి మనిషీ అడిగేది ఒకటే మాట, "ఎట్ల జరిగింది?" అని. పోయిన మనిషి భార్యో కూతురో మొదట్నుంచి చెబుతుంది. రాత్రి రెండు ఇడ్లీలు తిన్నాడు, మాత్ర వేసుకున్నాడు, టీవీ సౌండ్ తగ్గించమన్నాడు, తెల్లారి పిలిస్తే పలకలేదు. ఇంకొకరు వస్తారు, మళ్ళీ ఇడ్లీ దగ్గర నుంచి. పొద్దున బాక్సు పెట్టడానికి పోయినప్పుడు ఆ కథ ముక్కలు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో ఏడుపు, మరిచిపోవడం, పక్కవాళ్ళు సరిదిద్దడం. సాయంత్రం బాక్సు తీసుకురావడానికి పోయేసరికి అదే కథ తడబాటు లేకుండా, ఒక వరసలో వస్తుంది. ఇది వాళ్ళకు మేలు చేస్తుందని మా నాయన నమ్మేవాడు. నేనూ చాలావరకు నమ్ముతాను. కానీ పోయింది చిన్నబిడ్డ అయితే, ఆ సమయానికి ఇంట్లో ఉన్నది తల్లొక్కతే అయితే, "నువ్వెక్కడున్నావప్పుడు?" అని ఒక పెద్దావిడ కూడా అడుగుతుంది. ఆ ప్రశ్న అడిగే గొంతు విన్నాను. అప్పుడు ఆ తల్లి మొహం కూడా చూశాను. ఆ తల్లికి క్విన్సీలో ఒక గది ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది.

చావు సినిమా అనగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది 2023లో వచ్చిన 'బలగం'. వేణు యెల్దండి తీసిన తెలంగాణ కథ. ముసలాయన పోతే, పిండం కాకి ముట్టదు. ఇరవై ఏళ్ళుగా మాటల్లేని కుటుంబం, విందులో నల్లి ఎముక దగ్గర మొదలైన గొడవ, ఆఖర్న బుడగజంగాల పాట, అందరి ఏడుపు, కాకి దిగడం. ఆ సినిమా వచ్చాక మా చుట్టుపక్కల దినాల్లో కాకి ఆలస్యం చేస్తే చాలు, "బలగంలో మాదిరి ఉందే, ఎవరన్నా అలిగినారా?" అని నవ్వుతూ అడుగుతున్నారు. నిజంగానే అలిగినవాళ్ళు అప్పుడు నేల చూపులు చూస్తారు. ఆ సినిమా నాకు ఇష్టం. వంట గుండిగలు కడిగిస్తూ నిలబడి, అట్లా కలిసిపోయిన అన్నదమ్ముల్ని నేనూ చూశాను.

అయితే ఆ కాకి దిగని ఇళ్ళు కూడా ఉన్నాయి. మధ్యాహ్నందాకా చూస్తారు, గోడ మీద, చెట్టు కింద, మిద్దె మీద మార్చి మార్చి పెడతారు, మొక్కుకుంటారు. ఎండ నెత్తికెక్కినాక ఎవరో పెద్దాయన "ఆవుకు పెట్టేయండప్పా, జనం ఆకలితో ఉన్నారు" అంటాడు. ఆవుకు పెట్టేసి వచ్చి భోజనాలకు కూర్చుంటారు. లోనర్గన్ సినిమా ఆ ఇంటి గురించి. ఎంతసేపు చూసినా కాకి రాలేదు, అయినా పిల్లోడికి అన్నం పెట్టాలి, స్కూలుకు దింపాలి. 'బలగం' చూసి బయటికొచ్చినవాళ్ళు అన్నకు ఫోన్ చేశారని విన్నాను. ఇది చూసినాక ఎవరికీ ఫోన్ చెయ్యబుద్ధి కాదు. రెండూ ఉండాల్సిన సినిమాలే అంటాను.

వీధిలో మాజీ భార్య కలిసే సీన్ గురించి అందరూ రాసేశారు కాబట్టి ఎక్కువ రాయను. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంది, చిన్నబిడ్డను తోపుడు బండిలో పెట్టుకుని వస్తుంది. అప్పట్లో నిన్ను అనరాని మాటలన్నాను, క్షమించు అని ఏడుస్తుంది. ఒక పూట కలిసి భోంచేద్దామంటుంది. ఇతనికి మాట పెగలదు. ఆమె మంచి మనసుతోనే వచ్చింది, కానీ ఆ మంచితనాన్ని అందుకోవడానికి ఇతని దగ్గర ఏమీ మిగల్లేదు. తప్పించుకుని పోతాడు. మిషెల్ విలియమ్స్ ఆ సినిమాలో కనిపించేదే కాసేపు, ఆ కాసేపట్లో ఈ సీనొక్కటి చాలు.

నచ్చనివి కూడా ఉన్నాయి. ఇల్లు కాలే సీన్లో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ మరీ మీద పడుతుంది. మాటలు కూడా వినపడకుండా వయొలిన్లు. ఏడవండి ఏడవండి అని వెనక నుంచి తోస్తున్నట్టు ఉంటుంది. అంత ఓపికగా, అంత తక్కువ మాటలతో తీసినాయన అక్కడ మనల్ని ఎందుకు నమ్మలేదో. పిల్లోడి ఇద్దరు గర్ల్‌ఫ్రెండ్ల వ్యవహారం కూడా సాగదీశారనుకున్నాను. మా అమ్మాయి ఒప్పుకోలేదు. ఆ వయసులో అట్లనే ఉంటారు, బాధలో ఉన్నా ఆకలేస్తుంది, అన్నీ కావాలనిపిస్తుంది అంది. తన మాటే సరైందేమో. తాత పోయిన మూడో దినం మేడ మీద పిల్లలంతా క్రికెట్ ఆడుతుంటే మా చిన్నాయన కొట్టబోయిన సంగతి గుర్తు చేసింది. ఆ క్రికెట్లో తనూ ఉందంట.

అన్న వీలునామాలో పిల్లోడి బాధ్యత లీకే రాసి పోతాడు, లీకి ఒక్క మాట చెప్పకుండా. లాయరు చదివి వినిపిస్తే లీ మొహం చూడాలి. ఆ ఊళ్ళో ఉండలేడు, పిల్లోడేమో తన స్కూలు, తన పడవ వదిలి రానంటాడు. ఆఖర్న తనవల్ల కావడం లేదని, ఆ బాధను దాటలేకపోతున్నానని లీ పిల్లోడికే చెప్పేస్తాడు. కుటుంబ స్నేహితుడు జార్జ్ పిల్లోణ్ణి దత్తత తీసుకునేట్టు ఏర్పాటు చేస్తాడు. తను బోస్టన్‌లో పని చూసుకుంటాడు, అయితే ఈసారి ఇంకో గది ఉన్న ఇల్లు వెతుకుతానంటాడు, ఎప్పుడన్నా పిల్లోడు వస్తే ఉండటానికి.

మర్నాడు పొద్దున మా అమ్మాయి ఈ కథంతా వాళ్ళ అవ్వకు చెప్పింది. మా అమ్మ చెనిక్కాయలు వలుస్తూ వింది. ఫ్రీజర్ సంగతి దగ్గర మా అమ్మాయి కొంచెం తడబడింది, దాటేద్దామని చూసింది. "చెప్పు, చెప్పు" అంది అమ్మ. చెప్పాక, ఆ నేల ఎన్ని నెలలకు మెత్తబడుతుందని అడిగింది. వసంతందాకా అంటే, "అన్ని దినాలా" అని ఇంకో గుప్పెడు కాయలు తీసుకుంది.

లీ పిల్లోణ్ణి వేరేవాళ్ళకు అప్పగించడం తప్పంటుంది మా ఆవిడ. "తోడబుట్టినోడి కొడుకు. చేతకాదంటే సరిపోతుందా?" అని. మా అమ్మాయి, ఉన్నమాట చెప్పి మంచి ఇంట్లో పెట్టాడు, అంతకంటే ఏం చేస్తాడని వాదించింది. నేను ఏ పక్కా మాట్లాడలేదు. మాట్లాడితే ఇంకో గంట నడిచేది, నాకేమో కాణిపాకం రోడ్డులో పందిరి విప్పించే పని ఉంది.

మా అమ్మకు ఆ తగాదా పట్టలేదు. ఆ జార్జ్ పెండ్లాం మంచిదేనా, పిల్లోడికి వేళకు అన్నం పెడుతుందా అని అడిగింది. పెడుతుంది అవ్వా, వాళ్ళింట్లో పిల్లలు కూడా ఉన్నారంది మా అమ్మాయి. ఆ తర్వాత పడవ మోటారు సంగతి ఏమైందని అడిగింది. వాళ్ళ నాయన దాచుకున్న తుపాకులు అమ్మి కొత్త మోటారు కొన్నారని చెబితే, "ఆ, అది తెలివైన పని" అంది మా అమ్మ, వలిచిన గింజల చేట నా వైపు తోస్తూ. "రేపు ఆ బిడ్డ చేపలన్నా పట్టుకుని బతుకుతాడు."